పోటీ పరీక్షల ప్రత్యేకం: ఉదయగిరి కోట, దూబగుంట సారా పోరు

1514లో శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘ ముట్టడి తర్వాత గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలిచాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి 1515లో ఆలయంలో ప్రతిష్ఠించాడు. కొండవీడు కూడా 1515లోనే పడింది. ఈ రెండు సంవత్సరాలనూ తారుమారు చేసి అడగడం పరీక్షల్లో మామూలే.

ఉదయగిరి, ఆత్మకూరు అభ్యర్థులు సొంత జిల్లా విషయమే కదా అని తేలిగ్గా వదిలేసే ఘట్టం మరొకటి ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాత బృందాలు పాటలు, వీధి నాటకాలతో ఊళ్లు తిరిగాయి. రాత్రి బడి వాచకంలో తాగుడుకు చితికిన కుటుంబం గురించిన ‘సీతమ్మ కథ’ చదివిన ఆడవాళ్లకు అది తమ ఇంటి సంగతే అనిపించింది. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు సారా దుకాణం మూయించారు. తర్వాత ఊరూరా సారా ప్యాకెట్లు తగలబెట్టారు, వేలంపాటలను అడ్డుకున్నారు. నా దృష్టిలో పాఠ్యపుస్తకం ఇంత పని చేసిన సందర్భాలు అరుదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం (కోట్ల విజయభాస్కరరెడ్డి). 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం (ఎన్టీఆర్). 1997లో సడలింపు.