నాగసాకి: రేవు పట్టణ వారసత్వం

జపాన్‌లోని క్యూషూ దీవిలో ఉంది. 1571లో పోర్చుగీసు వర్తకానికి తెరిచారు.

దెజిమా: విసనకర్ర ఆకారంలోని కృత్రిమ దీవి. నిర్మాణం 1634–36. పోర్చుగీసువారి బహిష్కరణ 1639. హిరాడో రేవు నుంచి ఇక్కడికి డచ్చివారి తరలింపు 1641. ఆపై రెండు శతాబ్దాలకు పైగా ఐరోపా వర్తకులకు జపాన్‌లో అనుమతి ఉన్న ఏకైక చోటు. కట్టింది పోర్చుగీసువారి కోసం, పేరొచ్చింది డచ్చివారితో. అభ్యర్థులు తడబడేది ఇక్కడే. దెజిమాలో వర్తకం చేసిన డచ్ ఈస్టిండియా కంపెనీయే (1602) మన మచిలీపట్నంలో స్థావరం పెట్టింది 1605లో. జతపరిచే ప్రశ్నకు తగిన అంశం, వదలొద్దు.

కుంచి ఉత్సవం: సువా ఆలయానిది. ఆరంభం 1634. ఏటా అక్టోబరు 7–9. ప్రదర్శనల్లో ఒక్కో పేటకు ఏడేళ్లకోసారి వంతు. చైనా మూలాలున్న డ్రాగన్ నృత్యం ముఖ్యం: కర్రలపై ఎత్తిన డ్రాగన్ బంగారు బంతిని తరుముతుంది. జనం ‘మొత్తె కోయ్’ అని కేకలేస్తే మళ్లీ ఆడతారు. షింటో ఆలయ వేడుకలో చైనా నృత్యం! ఈ రేవు సంస్కృతిని ఇంతకన్నా బాగా చూపేది లేదు.

ఔరా చర్చి: 1864. రహస్య క్రైస్తవులు బయటపడింది 1865లో; క్రైస్తవంపై నిషేధం తొలగింది 1873లో. యునెస్కో గుర్తింపు 2018. వర్తకుడు గ్లోవర్ నివాసానిది వేరే నమోదు, 2015 (మెయిజీ పారిశ్రామిక స్థలాలు). రెండూ కలిపేయొద్దు.

కాస్తెల్లా కేకు: పోర్చుగీసు మూలం.