సబ్బుబిళ్ల వెనుక కథ

సబ్బు రాకముందు మన పూర్వులు మురికిగా నుండిరని తలంపరాదు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో తలంటుటకు కుంకుడుకాయయు, సీకాయయు, ఒంటికి సున్నిపిండియు ఉండెడివి. రజకులు చౌటిమన్నుతో బట్టలను ఉడుకబెట్టి, వాగుబండపై ఉతికి తెల్లగా చేసెడివారు. వీనిలో అనేకము పైకము పెట్టి కొనవలసినవి కావు. అట్టి చోటికి వేలకొలది మైళ్ల ఆవల పుట్టిన సబ్బుబిళ్ల వచ్చి, వారపు అంగడిలో స్థానము సంపాదించుట చిన్న సంగతి కాదు.

ఆ బిళ్లను లోకమున వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు విలియం లీవరు. ఇతడు ఇంగ్లండులోని బోల్టను పట్టణమున 1851లో ఒక పచారీ వర్తకుని ఇంట జన్మించెను. పదునారేండ్ల ప్రాయముననే తండ్రి కొట్టులో పనికి కుదిరి, సబ్బును కోయుట, పొట్లము కట్టుట నేర్చెను. ఆ రోజులలో సబ్బు నిడుపాటి కడ్డీలుగా దుకాణమునకు వచ్చెడిది. అడిగినంత ముక్కను వర్తకుడు కోసి, తూచి ఇచ్చెడివాడు. ఆ ముక్కకు పేరు లేదు. చేసినవాడెవడో కొన్నవానికి తెలియదు. పిమ్మట లీవరు గుఱ్ఱపుబండిలో ఊరూర తిరిగి చిన్న దుకాణముల ఆర్డర్లు సేకరించెను. ఇల్లాండ్రకు ఏమి కావలెనో ఆతనికి తెలిసినది ఆ తిరుగుడువలననే కావచ్చును. 1884లో ‘సన్‌లైటు’ అను పేరును రిజిస్టరు చేయించి, మరుసటి ఏట తమ్మునితో కలిసి స్వయముగా సబ్బు తయారుచేయ నారంభించెను. పశువుల కొవ్వుపైననే ఆధారపడక వృక్షముల నూనెలను విరివిగా వాడెను. బిళ్లలుగా కోయించి, కాగితము చుట్టి, పేరు ముద్రించి అమ్మెను. 1888లో ‘ఇంగ్లండులో లీవరు బ్రదర్సుచే చేయబడినది’ అను ముద్రగల ఆ బిళ్లల పెట్టెలు కలకత్తా రేవున దిగినవి.

నూనె లేనిదే సబ్బు లేదు. బేరము పెరిగినకొలది నూనె కొఱకు లీవరు దూరదేశములవైపు చూచెను. ఆఫ్రికాలోని కాంగో దేశము నాడు బెల్జియము పాలనలో నుండెను. 1911లో జరిగిన ఒడంబడికవలన అచట 7,50,000 హెక్టార్లవరకు పామాయిలు తోటల హక్కు ఆతని సంస్థకు లభించెను. ఎత్తైన చెట్లెక్కి గెలలు కోయవలసినవారు ఆ దేశపు ప్రజలు. వారిని వలస ప్రభుత్వోద్యోగులు బలవంతముగా పనికి పంపుచుండిరని చరిత్రకారులు ఆధారములతో వ్రాసియున్నారు. పన్నులు హెచ్చి, గెలల ధర పడిపోగా 1931లో పెండే జాతివారు తిరుగబడిరి; ఆ తిరుగుబాటును తుపాకులతో అణచిరి. అదే లీవరు స్వదేశమున తన పనివారికి పోర్టు సన్‌లైటు అను పూలతోటల గ్రామమును కట్టించెను. ఒకదానిని చదివినవారు రెండవదానిని విడిచిపెట్టరాదు.

లీవరు 1925లో మరణించెను. 1930 జనవరి 1న ఆతని సంస్థయు, హాలెండు దేశపు మార్గరిను సంస్థయు ఏకమై ‘యూనిలీవరు’ ఏర్పడెను. రెండింటికిని కావలసిన ముడిసరుకు నూనెయే గదా! మన దేశమున 1931లో వనస్పతి కంపెనీని, 1933లో సబ్బుల కంపెనీని స్థాపించిరి. 1956లో దేశమునందలి శాఖలు కలిసి ‘హిందుస్థాన్ లీవరు’ అయ్యెను. పదింట ఒక వంతు వాటాలు భారతీయులకు అమ్మబడినవి. 1961లో ప్రకాశ్ టాండను దానికి తొలి భారతీయ చైర్మనయ్యెను. 2007లో ‘హిందుస్థాన్ యూనిలీవరు’ అని పేరు మారినది.

వంటనూనెల కొఱత గల దేశములో ఆ నూనెలనే సబ్బునకు వాడుట కష్టమాయెను. కావున తవుడు, ఆముదము, వేప, ఇప్ప మున్నగువాని నూనెలపై శాస్త్రజ్ఞులు దృష్టి నిలిపిరి. ఇప్ప యనగానే ఆదిలాబాదు అడవి తలపునకు వచ్చును. ఎండకాలమున గోండులు తెల్లవారుజామున లేచి, రాలిన ఇప్పపూలు ఏరుదురు. పిదప తొలకరి వేళ గింజలు సేకరింతురు. ఆ నూనె దీపమునకును, వంటకును పనికివచ్చును, సబ్బునకును పనికివచ్చును. ఒకప్పుడు వర్తకులు ఉప్పు, బట్ట ఇచ్చి ఇట్టి అటవీ సరుకులను కారుచౌకగా కొనెడివారు. ఈ మోసమును అరికట్టుటకే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టెను. అది గిరిజనులవద్ద సరుకు కొనుటయే గాక, తానును సబ్బులు చేయించి అమ్మినది.

పెద్ద కంపెనీకి మాత్రము వేఱొక చిక్కు మిగిలెను. రెండువేల జనము కూడ లేని పల్లెలకు సరుకు బండి పంపినచో ఖర్చే గిట్టదు. 2000-2001 ప్రాంతమున నల్లగొండ జిల్లాలో ఆ చిక్కునకు ఒక ఉపాయము పన్నిరి. పొదుపు సంఘముల స్త్రీలను ఎన్నుకొని, వారిచే సబ్బులు, షాంపూ పొట్లములు ఇంటింట అమ్మించుటయే ‘శక్తి’ పథకము. పిమ్మట అది అనేక రాష్ట్రములకు వ్యాపించెను. ఆమెకు జీతము లేదు. సంఘమునందు అప్పు తీసి సరుకు తెచ్చుకొనవలెను. లాభమున్నచో ఆమెదే, సరుకు మిగిలిపోయినను ఆమెదే. మొదట కొనువారు చుట్టములును, ఇరుగుపొరుగువారును. వారు “వదినా, వచ్చేవారం ఇస్తాను” అన్నచో కాదనుట కష్టము. అప్పు వాయిదా మాత్రము వచ్చేవారమువరకు ఆగదు.