కలము లేని కలపు గీతలు

గ్రాఫులు గీయుటకు నేడు మన విద్యార్థులు కంప్యూటరు నాశ్రయించుచున్నారు. అంకెల నిచ్చినంతనే అది క్షణములో రేఖను గీసి చూపును. కాని యా ప్రోగ్రాములలో ‘కలమెత్తుము’, ‘కలము దించుము’ అను భావముగల యాజ్ఞలు కొన్నింట నేటికిని గలవు. తెరపై కలమెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము పూర్వపు యంత్రములలో నున్నది.

1959వ సంవత్సరమున అమెరికాలోని కాల్‌కాంప్ సంస్థవారు 565 అను సంఖ్యగల ప్లాటరును వెలువరించిరి. అందు కాగితము ఒక రోలునకు చుట్టుకొని ముందునకును వెనుకకును కదలును. కలము అడ్డముగా కదలును. ఒక్కొక్క కదలిక అంగుళములో నూరవ వంతు. కలము నెత్తి జరుపుట, దించి జరుపుట - ఈ రెండే దానికి తెలిసిన విద్యలు. కావున ఫోర్ట్రాన్ భాషలో దానికై వ్రాసిన ‘ప్లాట్’ అను చిన్న ప్రోగ్రామునకు మూడు సంగతులు చెప్పిన చాలును: అడ్డపు కొలత, నిలువు కొలత, ఒక యంకె. ఆ యంకె 2 అయినచో కలము గీయుచు పోవును. 3 అయినచో గీయకయే పోవును.

తరువాత 1972లో టెక్ట్రానిక్స్ 4010 వచ్చెను. దీని తెరపై గీసిన గీత తనంతట తానే నిలిచియుండును. కంప్యూటరు మెమరీ మిక్కిలి వెలగల యా కాలమున నిది గొప్ప లాభము. అయితే ఒక్క గీతను చెరుపవలెనన్నను తెర యంతయు చెరుపవలసియుండెను. కనుక చిత్రమును ముందుగా నిర్ణయించి, ఒక్కమారు గీయించి, మార్పు వలసినచో మొదటినుండి మరల గీయించుట వాడుకయ్యెను.

1986లో థామస్ విలియమ్స్, కాలిన్ కెల్లీ గార్లు గ్నూప్లాట్‌ను వెలువరించునాటికి ఇట్టి యంత్రములు పలువిధములుగా నుండెను. అందుచే లెక్కలు చూచు భాగము నొకటిగాను, ఒక్కొక్క యంత్రముతో మాటలాడు చిన్న భాగమును వేరుగాను అమర్చిరి. ‘ఇచ్చటికి జరుగుము’, ‘ఇచ్చటికి గీయుము’, ‘ఈ యక్షరములు వ్రాయుము’ అనునట్టి కొలది పనులు తెలిసిన చాలును. ఏ యంత్రమైనను దానికి లోబడును. నాటి యంత్రములు పోయినవి గాని యీ యమరిక పోలేదు. నేడు పీడీఎఫ్ పత్రము కావలసినను ‘సెట్ టెర్మినల్’ అనియే చెప్పవలెను. పాత యిబ్బందికై చేసిన యేర్పాటే క్రొత్తవానికిని ద్వారము తెరచినది.

అయితే వారసత్వమంతయు మేలు కాదు. కలమునకు సులభమైన పని బిందువునుండి బిందువునకు గీయుచు పోవుట; ప్రతి బిందువునొద్దను గుర్తు వేయవలెనన్న పలుమారు లేచి దిగవలెను. 2003లో వెలువడిన మాట్‌ప్లాట్‌లిబ్‌లోను, వేరుగా చెప్పనియెడల, ‘ప్లాట్’ అను నాజ్ఞ గీతను మాత్రమే చూపును. బిందువులకు గుర్తులు వేయదు. కలపు నడకయే యిందును గానవచ్చుచున్నది.

మా తరగతిలో నొక బాలుడు చల్లారుచున్న నీటి వేడిమిని అయిదేసి నిమిషములకు కొలిచి, ఏడు కొలతలను కంప్యూటరున కిచ్చెను. చక్కని గీత వచ్చెను. ‘పండ్రెండవ నిమిషమున వేడిమి యెంత?’ అని యడిగితిమి. గీతపై వ్రేలుంచి జంకక చెప్పెను. ‘అది నీవు కొలిచితివా?’ అనగా నూరకుండెను. అబద్ధమాడు నుద్దేశ మతనికి లేదు. గీతయే వానిచే నట్లు పలికించినది.

కాబట్టి విద్యార్థులారా, కొలిచిన బిందువులకు ముందు గుర్తులు వేయుడు. వానిని కలిపినచో నేల కలిపితిరో వ్రాయుడు. ఒకే రంగు కలముగల ప్లాటరుపై రేఖలను వేరుపరచుటకు తునుకల గీతలు, చుక్కల గీతలు వాడెడివారు. ఆ మంచి పద్ధతిని మాత్రము విడువకుడు. రంగుల భేదము తెలియని కంటికిని, నలుపు సిరా ముద్రణమునకును అది నేటికిని మేలు చేయును. యంత్రపు టలవాటేది, మనము కన్న సత్యమేది యని వివేచించుటయే శాస్త్రాభ్యాసమునకు మొదటి మెట్టు.