ఓరుగల్లుకు ఒక్కదానివే వెళ్ళిరా

పంజాగుట్ట

అమ్మడూ,

జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్న నీ స్నేహితురాలు ఒక్కతే రైలెక్కి కొలోన్ వెళ్ళి, అక్కడి పెద్ద చర్చి చూసుకుని రాత్రికల్లా గదికి చేరిందని మొన్న ఎంత మురిపెంగా చెప్పావో! నీ మాటల్లో ‘నాకెప్పుడో’ అన్న బెంగ కూడా వినిపించింది. అందుకే ఈ ఉత్తరం. ఆ సంబరం కోసం నువ్వు వీసా వచ్చేదాకా ఆగక్కర్లేదు. వచ్చే శనివారం క్లాసు లేదన్నావు కదా, వరంగల్ వెళ్ళిరా. ఒక్కదానివే వెళ్ళు.

ఆ కొలోన్ చర్చికి పునాది వేసింది 1248లో. అప్పుడు ఇక్కడ ఓరుగల్లును ఏలుతున్నవాడు కాకతీయ రాజు గణపతిదేవుడు. రాతికోట మొదలుపెట్టించింది ఆయనే, పూర్తిచేయించింది కూతురు రుద్రమదేవి. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే ప్రతిసారీ ఆ ఊరిని నువ్వు నిద్రలోనే దాటేస్తున్నావు. ఒకసారి పగటిపూట దిగి చూడు.

వెళ్ళడం సంగతి చెబుతాను. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే బండి మారకుండా సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగొచ్చు. కానీ మెట్రో మొదలయ్యేదే ఆరింటికి, దాన్ని నమ్ముకుని మరీ తెల్లవారుజాము రైలు పెట్టుకోకు. అలాంటి రైలైతే ముందురోజే క్యాబ్ మాట్లాడుకో. ఈమధ్య కొన్ని రైళ్ళు చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి, టికెట్టు మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకో. జనరల్ వద్దు, సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ చేయించుకో. పెద్ద ఖర్చేమీ కాదు. రానూపోనూ టికెట్లు ఒకేసారి తీసుకుంటే సాయంత్రం హైరానా ఉండదు.

రైల్లో ఫోన్ సంచిలో పెట్టేసి కిటికీ పక్కన కూర్చో. భువనగిరి దగ్గర ఒకే బండరాయిలా నున్నగా లేచిన కొండ, దాని మీద కోట కనిపిస్తాయి. అది పశ్చిమ చాళుక్యుల నాటి కోట. కాకతీయులు మొదట ఆ చాళుక్యులకు సామంతులే. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మధ్యాహ్నం హనుమకొండలో పనికొస్తుంది.

వరంగల్‌లో దిగగానే ముందు కోటకు వెళ్ళు. ఎండ ముదిరితే అక్కడ నిలవడం కష్టం, నీడ తక్కువ. స్టేషన్ నుంచి ఆటోలో కాసేపే. ఆటోవాణ్ణి లోపలిదాకా పోనివ్వకు, రాతిగోడ దర్వాజా బయటే దిగి నడిచి వెళ్ళు. నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఆ దారి తిన్నగా ఉండదు. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ, పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. ఏనుగులూ గుర్రాలూ ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. బండిలో పోతే వట్టి మలుపు అనుకుంటావు. నడిస్తే, ఆ గోడల మధ్య ఇరుక్కున్న శత్రువు గతేమిటో నీకే తెలుస్తుంది. సున్నం లేకుండా బండ మీద బండ ఎలా కూర్చోబెట్టారో అక్కడే ఆగి చూడు.

లోపల ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, బడికి పోయే పిల్లలున్నారు. జనం కాపురముంటున్న కోట అది. వాళ్ళ వాకిళ్ళ ముందు ఫొటోలు తీసేటప్పుడు ఒకమాట అడుగు.

నడుమ ఖాళీలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. తెలంగాణ రాజముద్రలో చూస్తుంటావే, అవే. వాటి మధ్యనున్న స్వయంభూ శివుడి గుడి ఇప్పుడు లేదు. 1323లో కాకతీయ ప్రతాపరుద్రుడు ఓడిపోయాక ఢిల్లీవాళ్ళు ఊరి పేరే సుల్తాన్‌పూర్ అని మార్చేశారు. గుడి పోయింది, ద్వారాలు మిగిలాయి. తోరణం కింద నిలబడి తలెత్తి చూడు: పైనుంచి తామరమొగ్గలు వేలాడుతుంటాయి, రాతి దండలు, తోకలు లతల్లా విచ్చుకున్న పక్షులు. తర్వాత నేలమీద పేర్చిన ముక్కల మధ్య తిరుగు. విరిగిన నందులు, స్తంభాల తలలు, సగం పోయిన సింహాలు. అక్కడే గంట గడిపినా నష్టం లేదు. నలుగురితో వెళితే ఈ గంట నీకు దక్కదు. ఒకరికి ఆకలి, ఒకరికి సెల్ఫీ, ఇంకొకరికి తొందర. ఒంటరిగా వెళ్ళమనేది ఇందుకే. ఏ రాయి దగ్గర ఎంతసేపు ఆగాలో నీ కన్నే తేల్చుకోవాలి. మైత్రీవనం క్లాసుల్లో వారమంతా బ్యాచ్ టైములూ, మాక్ ఇంటర్వ్యూలూ నిన్ను తరుముతున్నాయి. ఆ ఒక్కరోజైనా ఎవరూ తరమకూడదు.

ఎండ మండే వేళకు హనుమకొండ వేయిస్తంభాల గుడికి చేరు. లోపల చల్లగా ఉంటుంది. శివుడికీ, విష్ణువుకీ, సూర్యుడికీ కలిపి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. అక్కడి 1163 నాటి శాసనమే కాకతీయులు ఇక సామంతులు కారని చాటింది. పొద్దున రైల్లోంచి చూసిన భువనగిరి ఇక్కడ గుర్తుకు రావాలి. స్తంభాల మీద నల్లరాతి నునుపు చేత్తో తాకబోకు, కళ్ళతో చూడు. కల్యాణమండపాన్ని విప్పదీసి, రాయి రాయి మళ్ళీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు. ఇసుక నింపిన పునాది మీద నిలబెట్టిన కట్టడం అది. ఇంజినీరింగ్ చదివినదానివి, దాని గురించి ముందే కాస్త చదువుకుని వెళ్ళు.

రామప్ప గుడి జోలికి మాత్రం ఈసారి పోకు. అది పాలంపేటలో, దూరం. యునెస్కో గుర్తింపు వచ్చిందని అదీ ఇదీ కలిపేస్తే రెండూ చెడతాయి. దానికి ఇంకో రోజు పెట్టుకుందువుగాని. సాయంత్రం భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుని చెరువు గట్టున కాసేపు కూర్చో, చాలు.

ఇక భయం సంగతి. ఆడపిల్ల ఒక్కతే ఎలా అని మీ అమ్మ అంటుంది. ఆమె బెంగ తప్పు కాదు. హాస్టల్లో ఉన్నానని అబద్ధం మాత్రం చెప్పకు. రైలెక్కాక, దిగాక, కోటలోంచి, తిరుగు రైల్లోంచి ఒక్కో మెసేజ్ పెట్టు. రైల్లో ఇబ్బందైతే 139, బయటైతే 112. పవర్‌బ్యాంకు, నీళ్ళసీసా, టోపీ, కాస్త చిల్లర తీసుకెళ్ళు. చీకటిపడ్డాక కోటలో ఉండకు. హనుమకొండ నుంచి కాజీపేట స్టేషన్ కూడా దగ్గరే, తిరుగు టికెట్టు అక్కడినుంచి దొరికినా ఎక్కు. రైలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడకు. హనుమకొండ బస్టాండులో ఉప్పల్ బస్సులు దొరుకుతాయి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే మళ్ళీ మారకుండా అమీర్‌పేటలోనే దిగుతావు. మెట్రో దొరకనంత ఆలస్యమైతే నాకు ఫోన్ చెయ్యి, పెదనాన్న ఉప్పల్ వచ్చి తీసుకొస్తారు.

మీ అమ్మతో ముందు నువ్వే మాట్లాడు. ఆమె ఊఁ అనకపోతే నాకు చెప్పు, నేను మాట్లాడతాను. గురువారం క్లాసయ్యాక ఇటు రా. కాకతీయుల మీద పరబ్రహ్మశాస్త్రిగారు రాసిన పుస్తకం తీసిపెట్టాను. రుద్రమదేవి అధ్యాయమైనా చదివి వెళుదువుగాని.

ఇట్లు,
నీ పెద్దమ్మ