తీగ లేని ఇంజను

మన చోడవరానికి రైలు లేదు. రైలెక్కాలంటే అనకాపల్లి పోవాలి. అయినా ఈ వ్యాసానికి రైలింజనునే తీసుకున్నాను. భౌతికశాస్త్రం క్లాసులో మనం నల్లబల్లమీద వేసే లెక్క ఒకటి ఇందులో ఉన్నది గనుక.

పాత ఆవిరి ఇంజనును బతికించుకోవడం కష్టమే గాని, అసాధ్యం కాదు. బొగ్గు, నీళ్ళు, పట్టాలు ఉంటే నడుస్తుంది. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్‌ను మనవాళ్ళు 1997లో మళ్ళీ ప్రయాణికుల బండికి కట్టారు. కరెంటు ఇంజను సంగతి వేరు. దాని బలం దానిలో లేదు. నెత్తిమీది తీగలో, ఆ తీగ వెనకాల సబ్‌స్టేషనులో ఉంది. మా ఇంట్లో చెరుకు గానుగకు ఒకప్పుడు ఆయిలింజను ఉండేది. నాటుబండి మీద వేసి ఏ కళ్ళానికి తోలుకుపోయినా, డీజిలు పోస్తే తిరిగేది. ఇప్పుడున్నది త్రీఫేజు మోటారు. ఒక్క ఫేజు పోతే చాలు, గానుగ ఆగుతుంది, మా నాన్న స్తంభం కేసి చూస్తూ కూర్చుంటాడు.

ఇంగ్లండులో మాంచెస్టరు, షెఫీల్డు నగరాల నడుమ వుడ్‌హెడ్ కొండల మీదుగా 1500 వోల్టుల డి.సి. లైను ఉండేది. 1953, 54లలో దానికోసం 7 ప్యాసింజరు ఇంజన్లు తయారుచేసి, పురాణస్త్రీల పేర్లు పెట్టారు. 1969లో వాటిని హాలెండు కొనుక్కుంది. అక్కడా 1500 వోల్టుల డి.సి.యే మరి. 1986లో హాలెండు వాటికి విశ్రాంతి ఇచ్చినప్పుడు, ఇంగ్లండులోని అభిమానులు సొసైటీగా ఏర్పడి ‘ఎలెక్ట్రా’ను కొని పుట్టింటికి తెచ్చుకున్నారు. అయితే పుట్టిల్లేదీ? వుడ్‌హెడ్ లైను 1981లోనే మూతపడింది. ఎలెక్ట్రా చేరింది డెర్బీషైరులోని బటర్లీ అనే వారసత్వ రైల్వేకు. అక్కడ తీగ లేదు. కదలాలంటే ఇంకో ఇంజను లాగాలి. దాని తోబుట్టువు ‘డయానా’ మాత్రం హాలెండులోనే ఉండిపోయింది. అక్కడి స్వచ్ఛంద సేవకులు దాన్ని బాగుచేసి, ఆ దేశపు తీగ కిందే సొంత బలంతో నడిపించారు. శ్రద్ధ ఇద్దరిదీ ఒక్కటే. తేడా అంతా తీగలో ఉంది.

మరి ఇంకో తీగకు తగిలించరాదా అంటే, ఇక్కడే మన లెక్క. ఇంజనుకు 3000 కిలోవాట్లు కావాలనుకోండి. 1500 వోల్టులైతే 2000 ఆంపియర్లు లాగాలి. 25,000 వోల్టులైతే, పవర్ ఫాక్టరు వదిలేస్తే, 120 చాలు. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, అదే తీగలో నష్టం సుమారు 278 రెట్లు తగ్గుతుంది. అందుకే లోకం ఎక్కువ వోల్టేజి ఏ.సి. వైపు పోయింది. మన దేశంలో 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో మొదలైన 1500 వోల్టుల లోకల్ బండ్ల కథ కూడా 2016 ఏప్రిల్‌లో ముగిసింది. పాత ఇంజనులో ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయరు ఇరికించవచ్చు, బ్యాటరీలూ పెట్టవచ్చు. కాని డ్రైవరు మెట్టుమెట్టుగా రెసిస్టెన్సులు తప్పిస్తూ బండి కదిలించే ఆ పాత పద్ధతి పోయాక మనం దాచింది దేన్ని? రంగులు వేసి పాకలో నిలబెట్టినది నా దృష్టిలో సగం ఇంజనే.

ఇక మన సంగతి. కొత్తవలస–కిరండూల్ లైను 1960లలో బైలాడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసినది. శిమిలిగుడ దగ్గర సుమారు 996 మీటర్ల ఎత్తుకెక్కుతుంది. 1980ల తొలినాళ్ళలో కరెంటు వచ్చాక, ఆ ఘాట్లో ఖనిజం మోసినవాటిలో డబ్ల్యు.ఎ.జి.-5 ఇంజన్లు ముఖ్యం. లోపల ట్రాన్స్‌ఫార్మరు, 32 మెట్ల ట్యాప్ ఛేంజరు, సిలికాన్ రెక్టిఫయరు, 6 డి.సి. మోటార్లు. కొత్త త్రీఫేజు ఇంజన్ల ముందు ఇవి పాతబడి, ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి. కాని వీటి తీగ ఎక్కడికీ పోలేదు! అరకు దాకా అదే 25,000 వోల్టులు. ఎలెక్ట్రాకు లేని భాగ్యం మన ఇంజనుకు ఉంది. ఒక్కదాన్ని ఆపితే, పండగలకో పబ్బాలకో అది తన కాళ్ళమీద తానే కొండెక్కగలదు.

ఇనుము ఉంటే చాలదు, చేతులు కావాలి. ట్యాప్ ఛేంజరు కాంటాక్టు ఎంత అరిగితే మార్చాలో పుస్తకంలో కొలత ఉంటుంది. చప్పుడు విని పసిగట్టడం పుస్తకంలో ఉండదు. అది తెలిసిన ఫిట్టర్లు విశాఖ షెడ్డులో పనిచేసి రిటైరై, పింఛను మీద ఇళ్ళదగ్గర ఉన్నారు. మన కాలేజీలో ఎవరి తండ్రో, మేనమామో అలాంటివారు ఉండవచ్చు. వాళ్ళను అడిగి, చెప్పినది చెప్పినట్టు రాసుకోవాలని నా ఆలోచన. సంక్రాంతి సెలవులు నాకు గానుగకే సరి. కనుక దసరాకు వెళతాను. నోటుపుస్తకం పట్టుకొని వచ్చేవాళ్ళు ఉంటే ఫిజిక్స్ లాబ్ దగ్గర కలవండి.