వేడినీరు – చన్నీరు : రొటొరువా పట్టణపు పాఠము

చన్నీటి బావికిని వేడినీటి బుగ్గకును సంబంధ మేమియు లేదని సామాన్యముగా జనులు తలంచుచుందురు. కాని అగ్నిపర్వత ప్రాంతములందు ఈ రెండును ఒకే వాననీటివలన పుట్టినవి. ఒకచోట నీటిని మితిమీరి తోడినయెడల వేరొకచోట బుగ్గ చెడును. ఈ సంగతిని న్యూజీలండు దేశమందలి రొటొరువా పట్టణపు వృత్తాంతమువలన మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

రొటొరువా ఆ దేశపు ఉత్తర ద్వీపమున నున్నది. సుమారు 2,40,000 సంవత్సరములకు పూర్వము అచ్చట గొప్ప అగ్నిపర్వతము ప్రేలి, నేల క్రుంగి, విశాలమైన పల్ల మేర్పడెను. ఆ పల్లములోనే నేడు సరస్సును, దాని యొడ్డున పట్టణమును ఉన్నవి. భూగర్భమందలి యగ్ని యింకను ఆరలేదు. సమీపమందలి తరవేరా పర్వతము 1886వ సంవత్సరము జూను 10వ తేదీన ప్రేలి కొన్ని గ్రామములను పూడ్చివేసెను.

ఇక నీరు వేడియగు విధమును విచారింతము. కొండలపై కురిసిన వాన బూడిదపొరలగుండను రాతి నెరియలగుండను లోనికి ఇంకును. అందు కొంత పైపొరలలోనే నిలిచి బావులకు ఊటయగును. కొంత మిక్కిలి లోతునకు దిగి, శిలాద్రవముచే కాగిన రాళ్లను చేరును. అచ్చట పైనీటి బరువుచే ఒత్తిడి హెచ్చు గనుక నీరు 100 డిగ్రీల వద్ద మరుగదు. వంద మీటర్ల లోతున సుమారు 180 సెంటీగ్రేడు డిగ్రీలవరకు మరుగక యుండగలదు. కాగిన నీరు తేలికయై పైకి లేచును. ఒత్తిడి తగ్గినకొలది కొంత ఆవిరియై, మిగిలిన నీటిని ఆకాశమునకు చిమ్మును. ఇట్టి చిమ్ముబుగ్గను గీజరు అందురు. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడైన బున్సెను 1846లో ఐస్లండునకు పోయి, అచ్చటి గీజరు లోపలి వేడిని కొలిచి, ఈ రహస్యమును వివరించెను.

పైకి లేచు వేడినీరు దారిలో చల్లని ఊటనీటిని కలిసికొనును. వేడినీరు కలుషితము గాక పైకి వచ్చినచో బుగ్గ తేటగా నుండి, దాని యంచున సిలికా తెల్లని పెచ్చుగా పేరుకొనును. రెండును కలిసినచో గోరువెచ్చని ఊట పుట్టును. ఆవిరియు వాయువులును మాత్రమే ఊటనీటిలోనికి వచ్చినచో, అందలి గంధకవాయువు ఆమ్లమై రాతిని తినివేయగా, బురదగుంటలు కుతకుత నుడుకును. కాబట్టి బుగ్గను చూచినవారు భూమిలోపల ఏ నీరు దేనితో కలిసినదో కొంతవరకు చెప్పగలరు.

చన్నీరు వేడినీటి దారులలోనికి దిగకుండ అడ్డగించునది వేడినీటి యొత్తిడియే. ఇది త్రాసువంటిది. వేడినీటిని తోడివేసినచో ఒత్తిడి తగ్గి, బుగ్గ అణగిపోవును; చన్నీరు క్రిందికి దిగి ఆ దారులను చల్లార్చును.

రొటొరువాలో ఇదే జరిగెను. పట్టణము ప్రక్కనున్న వకరేవరేవాలో మావోరీ జనులు తరతరములుగా బుగ్గలలో వంట వండుకొనుచు, స్నానము చేయుచు వచ్చిరి. అచ్చటి పొహుటూ గీజరు 30 మీటర్ల యెత్తువరకు చిమ్మును. పట్టణవాసులు తమ యిండ్లను వెచ్చజేసికొనుటకై బోరుబావులు త్రవ్వించిరి. 1970 తరువాతి సంవత్సరములలో నూనె ధర పెరుగగా ఈ బావులును పెరిగెను. 1979లో పాపకురా అను గీజరు నిలిచిపోయెను. తమ పెరటిలోని వేడిని తాము వాడుకొనగూడదా యని పట్టణమున పలువురు వాదించిరి. చలిదేశమున కుటుంబము గలవారి కది తేలికైన మాట కాదు. అయినను 1986లో ప్రభుత్వము పొహుటూకు ఒకటిన్నర కిలోమీటరు లోపలి బోరుబావులను మూయించి, తక్కిన వానిపై రుసుము విధించెను. లోపలి ఒత్తిడి క్రమముగా హెచ్చెను. అణగిన బుగ్గలు కొన్ని మరల పారెను. పాపకురా 36 సంవత్సరముల తరువాత, 2015లో, తిరిగి మేల్కొనెను.

దానికి దక్షిణమున నున్న వైరాకేకి ఇట్టి భాగ్యము కలుగలేదు. అచ్చట 1958లో భూమి వేడితో విద్యుచ్ఛక్తి తీయ నారంభించిరి. కొలది సంవత్సరములలోనే గీజర్ల లోయ యెండిపోయెను. నేలయు కొన్నిచోట్ల పది మీటర్లకు మించి క్రుంగెను. విద్యుచ్ఛక్తి దేశమునకు మేలుచేసిన మాట నిజమే. కాని ఆ గీజర్లు మరల చిమ్మలేదు.

మన సీమలో అట్టి గీజర్లు లేవు. అయినను ఒకరు లోతైన బోరుబావి త్రవ్వించగా ప్రక్కవారి బావి యెండుట మన పల్లెలలో పలువురు చూచియే యున్నారు. పైన గట్లు వేరైనను క్రింద నీరు పలుచోట్ల ఒక్కటే. విద్యార్థులు తమ యింటి బావిలో నీరెంత లోతున నున్నదో కార్తికమునందును వైశాఖమునందును త్రాడుతో కొలిచి, ఏటేట వ్రాసియుంచుకొందురేని, ఈ పాఠము వారికి పుస్తకముకన్న బాగుగా బోధపడును.