వంకరపోయిన కామను సరిచేయుట



గడచిన వర్షకాలమున మా పాఠశాల తోటపనిలో నొక బాలుడు వంకరపోయిన పారకామను మోకాలి కానించి బలముగా వంచెను. కామ ఫెళ్లున విఱిగి, దాని పేడు అతని యరచేత గ్రుచ్చుకొనెను. గాయము వారమునకు మానినది. కట్టు కట్టుచుండగా అతడు, "అయ్యా, మొక్కై వంగనిది మ్రానై వంగదందురు గదా! మఱి యీ యెండుకొయ్య తనంతట తానెట్లు వంగినది?" అని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే యీ పాఠము.

చెట్టును కొట్టి యెండబెట్టినను కొయ్య నీటిని పీల్చుటయు విడుచుటయు మానదు. తడిసిన నుబ్బును, ఆరిన ముడుగును. పొడుగున నీ మార్పు మిక్కిలి స్వల్పము, అడ్డముగా హెచ్చు. అందును మ్రాను వలయముల వెంబడి కలుగు ముడుగు, నడుమనుండి పట్టవైపునకు కలుగు ముడుగునకు సుమారు 2 రెట్లుండును. ఇట్లు అన్నివైపుల సమముగా ముడుగనందున కొయ్య వంగును. ఒకప్రక్క తడిగోడయు, మఱియొకప్రక్క యెండయు తగిలిన కామ మఱింత వంగును. మా పార యట్లే నెలలకొలది గోడకు వాల్చబడి యుండెను.

సరిచేయుటకు ముందు కామను పరీక్షింపవలెను. నారపోగులు పొడుగున సాగక ప్రక్కకు వెలువడినను, పగులుగాని పురుగుతూటుగాని యున్నను, దానిని వంటచెఱకు చేసి క్రొత్తకామ వేయించుటయే క్షేమము. అట్టి కామ పనివేళ విఱిగినచో ఇనుము ఎవరిమీద పడునో చెప్పజాలము.

మంచి కామయైనచో పారనుండి ఊడదీసి, వంగిన భాగమును మరుగుచున్న నీటిపాత్రపై నుంచి, తడి గోనెపట్టా కప్పవలెను. ఆవిరి పోవుటకు సందు విడువవలెను. పాత్రను బిగియ మూయుట ప్రమాదకరము. అంగుళము మందమునకు ఒక గంట ఆవిరి పట్టవలెను. పోగులను అంటించి పట్టియుంచు లిగ్నిన్ అను పదార్థము వేడిమియు తేమయు కలిసినపుడు మెత్తబడును.

పిమ్మట చేతులకు మందపుగుడ్డ చుట్టుకొని, పెద్దవారి సహాయముతో కామ కొనలను రెండు చెక్కముక్కలపై నుంచి, గూను మీదికి వచ్చునట్లు నిలిపి, నడుమను త్రాటితో మెల్లగా క్రిందికి బిగింపవలెను. విడిచినపుడు కొంత వెనుకకు మరలును గనుక, తిన్నదనమునకు మించి కొంచెము వంచవలెను. చల్లారిన కొయ్య మరల బిగియును గావున ఆలసింపరాదు. అట్లే నీడలో వారము దినములైన ఆరనిచ్చి కట్టు విప్పవలెను.

మెత్తబడిన కొయ్య కుదింపును చాలవఱకు ఓర్చును గాని, సాగదీతను నూటికి 1, 2 పాళ్లకు మించి ఓర్వదు. వియన్నాలో కుర్చీలు చేసిన మైకేల్ థోనెట్ ఈ మర్మమెఱిగి, కఱ్ఱ వెలిప్రక్కను ఇనుపబద్ద బిగించి వంచెను. 1859లో వెలువడిన ఆయన 14వ సంఖ్య కుర్చీ లోకప్రసిద్ధము.

తుదకు కామ కంతటికిని, విశేషించి కొనలకు, అవిసెనూనె పూయవలెను. నూనెగుడ్డలను ముద్దగా పడవేయరాదు. అవి తమంతట వేడెక్కి అంటుకొనవచ్చును. వానిని పఱచి ఆరవేయుడు.

ఆ బాలుడు ఈ యేడు మఱియొక కామను ఈ విధముననే సరిచేసెను. ఇప్పుడు పారను గోడకు వాల్చడు. పని ముగిసినంతనే తుడిచి, రెండు మేకులపై అడ్డముగా నుంచును. తల్లిదండ్రులును ఇంట నట్లే చేయింతురుగాక.